కిడ్నీ మార్పిడి అయినంక బరువు తగ్గే ఆపరేషనా? ముందు గోలీల లెక్క చూడాలె

కిడ్నీ మార్పిడి అయినోళ్లు చెకప్‌కు వచ్చి లైన్ల కూసుంటరు సూడుండ్రి, ఆడ రెండే ముచ్చట్లు నడుస్తయి. ఒకటి, "నీ క్రియాటినిన్ ఎంతున్నది?" రెండోది, "నువ్వు సుత మస్తు లావైనవ్ గదనే!" మొదటి దానికి అందరం రిపోర్టు తీసి సూపెట్టుకుంటం. రెండో దానికి నవ్వి ఊకుంటం. నవ్వి ఊకునే సంగతి కాదని నా కిడ్నీ డాక్టర్ మొన్న ఎండకాలంల సాఫ్ సీదా చెప్పిండు.

నాకిప్పుడు 33 ఏండ్లు. ఐదేండ్ల కింద మా అమ్మ నాకు కిడ్నీ ఇచ్చింది. ఆపరేషన్ నాడు నా బరువు 58 కిలోలు, ఇయ్యాల 96. క్రియాటినిన్ 1.3 కాడ నిలకడగ ఉన్నది. అంటె అమ్మ కిడ్నీ దాని పని అది మంచిగనే చేస్తున్నది. గాని రెండేండ్ల సంది షుగర్ మొదలైంది. బీపీ గోలీ ఒకటున్నది రెండైంది. రాత్రి గురకకు ఇంట్ల ఎవ్వరికీ నిద్ర లేదు. "తిండి చూసినం, నడక చూసినం, షుగర్ గోలీలు మార్చి చూసినం. ఇగ బేరియాట్రిక్ సర్జరీ గురించి ఒకపారి ఆలోచించు" అన్నడు డాక్టర్.

బేరియాట్రిక్ అంటె బరువు తగ్గెతందుకు జీర్ణాశయాన్ని చిన్నగ చేసే ఆపరేషన్. ఈ మాట ఇంట్ల చెప్తె మా మేనమామ గరం అయిండు. "ఒకపారి కోపిచ్చుకున్నది సాలలేదారా? మల్ల కడుపు కోపిచ్చుకుంటవా?" అన్నడు. మా దోస్తులు కొందరు ఇంకో తీరు. "ఫోన్ల చూసినం అన్న, మూడు నెలల్ల ముప్పై కిలోలు తగ్గుతరట, చేపిచ్చుకో పో" అన్నరు. రెండు మాటలు సుత నాకు సరిపోలె. అందుకే నాలుగు నెలల సంది కిడ్నీ డాక్టర్‌ను, ఇద్దరు సర్జన్లను, ఒక డైటీషియన్‌ను పట్టుకొని అడిగిందే అడుగుతున్న. నేను డాక్టర్ను కాదు, ఐటీఐ చేసి ఊర్ల బోరు మోటర్లు రిపేర్ చేస్కునేటోన్ని. మోటర్ ఇప్పే ముందు లోపట ఏమున్నదో తెలుస్కోవాలెనన్న అలవాటొకటి ఉన్నది. అట్ల తెలుసుకున్నదే ఈడ రాస్తున్న.

లావు యాడికెళ్లి వచ్చింది?

డయాలసిస్ మీద ఉన్నోళ్ల బతుకు తెలిసినోళ్లకు తెలుసు. దినమంత కలిపి లీటరు నీళ్లు దాటొద్దు. కొబ్బరి నీళ్లు, అరటిపండు, బత్తాయి బంద్, ఎందుకంటె పొటాషియం పెరిగితె గుండె ఆగుతది. కూరగాయలు ఉడకబెట్టి నీళ్లు పారబోసి తినాలె. రక్తంల చెడు పేరుకపోయి నోరంత చేదు, అన్నం చూస్తె వాంతి. అసొంటి మనిషికి కొత్త కిడ్నీ పెట్టంగనే వారం పది రోజుల్ల నాలుకకు రుచి తిరిగొస్తది. ఆకలి తిరిగొస్తది. చుట్టాలు గిన్నెలు కట్టుకొని వస్తరు. "పాణం పట్టిండు బిడ్డ" అని సంబుర పడ్తరు. అండ్ల తప్పు పట్టేది ఏం లేదు.

గాని తిండి ఒక్కటే కారణం కాదు. మనం మింగే గోలీలు సుత బరువు పెంచుతయి. కిడ్నీ మార్పిడి అయినోళ్లు మామూలుగ మూడు రకాల మందులు వాడ్తరు. టాక్రోలిమస్, మైకోఫినోలేట్, ప్రెడ్నిసొలోన్. ప్రెడ్నిసొలోన్ అంటె స్టెరాయిడ్. అది ఆకలి పెంచుతది, మొకం గుండ్రంగ చేస్తది, కొవ్వును పొట్ట చుట్టు, మెడ ఎన్క పెడ్తది, షుగర్ ఎక్కిస్తది. టాక్రోలిమస్ ముచ్చట ఇంక గమ్మతి. 1984ల జపాన్‌ల సుకుబా అనే కొండ కాడి మట్టిలున్న ఒక సూక్ష్మజీవి నించి దాన్ని కనిపెట్టిండ్రు. మట్టిల దొరికిన మందు మా అసొంటి లక్షల మందిని బతికిస్తున్నది. గాని అది క్లోమగ్రంథి మీద పనిజేసి ఇన్సులిన్‌ను తగ్గిస్తది. అందుకే ఇదివరకు షుగర్ లేనోళ్లకు సుత కిడ్నీ మార్పిడి అయినంక షుగర్ వస్తది. బంద్ చేద్దమా అంటె కుదరదు, బంద్ చేస్తె పెయ్యి కొత్త కిడ్నీని పరాయిదనుకొని దాడి చేస్తది. దాన్నే రిజెక్షన్ అంటరు.

మన దేశంల కిడ్నీ మార్పిడి మొదటిపారి సక్సెస్ అయింది 1971ల, వెల్లూరు సీఎంసీ దవాఖానల. ఆ దినాలల్ల ఈ మనిషి ఏడాది బతుకుతడా లేదా అన్నదే రంది. ఇప్పుడు మందులు మంచిగైనయి, ఏండ్లకేండ్లు బతుకుతున్నం. అందుకే లావు, షుగర్, గుండె అన్నయి ఇప్పుడు మా ముందటికి వచ్చినయి. కొత్త కిడ్నీ మంచిగనే పనిజేస్తున్నా మనిషి పోతున్నడంటె దానికి పెద్ద కారణాలల్ల గుండె జబ్బు ముందుంటది. నా డాక్టర్ రంది అదే. బరువుతోని షుగర్, షుగర్‌తోని బీపీ, ఈ రెండిటితోని అమ్మ ఇచ్చిన ఒక్క కిడ్నీ మీద భారం. మొకం అందంగ ఉండుడు, ప్యాంటు సైజు తగ్గుడు నాకు ఈ లెక్కల ఆఖర్న వస్తయి.

ఎంత బరువుంటె ఆపరేషన్?

డాక్టర్లు కిలోలు చూడరు, బీఎంఐ చూస్తరు. బరువును కిలోలల్ల తీస్కొని, ఎత్తును మీటర్లల్ల తీస్కొని రెండుపార్లు భాగిస్తె వచ్చే లెక్క అది. నా ఎత్తు 1.68 మీటర్లు, బరువు 96. లెక్క కడితె 34 వస్తది.

శానా ఏండ్లు 1991ల అమెరికాల పెట్టుకున్న లెక్కనే అంతట నడిచింది. బీఎంఐ 40 దాటాలె, లేకుంటె 35 దాటి షుగర్ అసొంటి జబ్బు ఉండాలె. 2022ల బేరియాట్రిక్ సర్జన్ల అంతర్జాతీయ సంఘాలు దాన్ని మార్చినయి. 35 ఉంటె వేరే జబ్బు లేకున్నా ఆపరేషన్ చెయ్యొచ్చు, 30 దాటి షుగర్ అసొంటియి ఉంటె ఆలోచించొచ్చు అన్నయి. మన ఆసియా వాళ్ల పెయ్యి వేరే తీరుంటది. తక్కువ బరువుకే పొట్ట చుట్టు కొవ్వు పట్టి షుగర్ వస్తది. అందుకే మనకు 25 దాటితెనే ఊబకాయం, 27.5 దాటితె ఆపరేషన్ గురించి మాట్లాడొచ్చు అని పెట్టిండ్రు.

ఈడ ఒక మెలిక ఉన్నది. ఇన్సూరెన్స్ కంపెనీలు ఇంక పాత లెక్క కాడనే ఉన్నయి. బీమా నియంత్రణ సంస్థ పెట్టిన రూలు ప్రకారం బీఎంఐ 40 అన్న ఉండాలె, లేకుంటె 35 ఉండి గుండె జబ్బు, గట్టి నిద్ర జబ్బు, అదుపుల లేని షుగర్ అసొంటిది ఉండాలె. నాది 34. అంటె డాక్టర్ లెక్కల నేను వస్త, బీమా లెక్కల రాను. ఉస్మానియా అసొంటి సర్కారు దవాఖానల సుత ఈ ఆపరేషన్లు అయినయి, ఆడ అడిగి చూడొచ్చు. నాకు ఒక ప్రైవేటు క్లినిక్‌ల చెప్పింది మూడున్నర లక్షలు. ఆ ఫోన్ల మాట్లాడిన పిల్ల నా పేరడిగింది, బరువడిగింది, ఈఎంఐ కావాల్నా అని అడిగింది. నేను కిడ్నీ మార్పిడి అయినోన్నని చెప్తె "ఏం కాదు సార్, ప్యాకేజ్ సేమ్" అన్నది. ఆ మాటతోనే ఆ క్లినిక్ నా లిస్టులకెళ్లి పోయింది.

కడుపుల ఏం చేస్తరు?

ఎక్కువగ చేసేటియి రెండు రకాలు. ఒకటి స్లీవ్. మన జీర్ణాశయం సంచి తీరుగ ఉంటది. పొట్టకు చిన్న చిన్న రంధ్రాలు వెట్టి, కెమెరాతోని చూసుకుంట ఆ సంచిల ముప్పాతిక భాగానికంటె ఎక్కువనే కోసి బయటికి తీసేస్తరు. మిగిలేది అరటిపండంత గొట్టం. పేగులను ముట్టరు. తీసేసిన భాగంలనే ఆకలి పుట్టించే గ్రెలిన్ అనే హార్మోన్ ఎక్కువ తయారైతది కాబట్టి ఆకలి సుత తగ్గుతది. ఒకపారి తీసేసినంక మల్ల పెట్టరాదు.

రెండోది బైపాస్. జీర్ణాశయం పైభాగంల ఛాయ్ గ్లాసుల సగం కంటె తక్కువ పట్టే చిన్న సంచి చేసి, దాన్ని తీస్కపోయి చిన్న పేగుకు కింద దిక్కు అతికిస్తరు. తిన్న తిండి జీర్ణాశయం పెద్దభాగాన్ని, పేగు మొదటి భాగాన్ని దాటిపోతది. మేం పొలానికి పైపు వేసేటప్పుడు మధ్యల వాల్వు బంద్ చేసి పక్కకెళ్లి లైను తీస్తం సూడు, అట్ల. షుగర్ మీద దీని పని గట్టిగ ఉంటదని పేరున్నది.

మామూలు మనిషైతె ఈ రెండిట్ల ఏది మంచిగుంటదని ఒక చర్చ ఉంటది. మార్పిడి అయినోళ్ల కాడికి వస్తె డాక్టర్లు ఎక్కువ స్లీవ్ దిక్కే మొగ్గుతరు. ఎందుకో తెలువాలంటె గోలీల ముచ్చట చెప్పుకోవాలె. నా మటుకు నాకు అసలు సంగతి ఈడనే ఉన్నది.

గోలీ రక్తంల కలువాలె, కలువకుంటె?

టాక్రోలిమస్ మోతాదు బియ్యం కొలిచినట్టు ఇంత అని కొలిచేది కాదు. గోలీల ఎంతున్నదన్న దానికంటె రక్తంల ఎంత కలిసిందన్నది ముఖ్యం. అందుకే పొద్దుగాల గోలీ వేసుకునే ముందు రక్తం ఇచ్చి "ట్యాక్ లెవెల్" చూపిచ్చుకుంటం. నాకు డాక్టర్ పెట్టిన హద్దు 5 నించి 8. దాని కిందికి పోతె రిజెక్షన్ భయం. పైకి పోతె చేతులు వణుకుతయి, షుగర్ ఎక్కుతది, ఇంక ఆ మందే కిడ్నీని కరాబ్ చేస్తది. అంటె కాపాడే మందు, కరాబ్ చేసే మందు ఒక్కటే. నడుమ ఉన్న సందు శానా చిన్నది.

ఆ మందు రక్తంల కలిసేది పేగుల్లనే. అసొంటిది, పేగు దారినే మార్చేస్తె ఏమైతది? బైపాస్ అయినోళ్లల్ల కొందరికి అదే మోతాదు సరిపోదు, పెంచాలె. ఎవరికి ఎంత అనేది ముందుగల చెప్పరాదు, రక్తం చూసుకుంటనే సరిచెయ్యాలె. ఇంకొన్ని గోలీలున్నయి, రోజుకు ఒక్కటే వేసుకునేటియి, మెల్లమెల్లగ కరిగేటియి. పేగులకు పోయినంకనే కరగాలెనని పైన పొర పూసినయి ఉన్నయి, మైకోఫినోలేట్‌ల ఒక రకం అట్లనే ఉంటది. తిండి పోయే దారి, టైము మారినప్పుడు ఈటి లెక్క మారొచ్చు. అందుకే ఆపరేషన్‌కు ముందుగల్లనే ఏ రకం గోలీ ఉంచాలె, ఏది మార్చాలె అని కిడ్నీ డాక్టర్ తేల్చాలె. సర్జన్ ఒక్కడే తేల్చే పని కాదు.

స్లీవ్‌ల పేగులను ముట్టరు కాబట్టి ఈ తిప్పలు తక్కువుంటది, లేదనైతె అనరాదు. ఆపరేషన్ అయినంక అల్సర్ రాకుంట కొన్ని నెలలు గ్యాస్ గోలీలు ఇస్తరు, పాంటొప్రజోల్ అసొంటియి. ఆ గోలీ వేసుకుంటె మైకోఫినోలేట్‌ల ఇంకో రకం రక్తంల కలుసుడు తగ్గుతది. ఈ ముచ్చట నాకు డైటీషియన్ చెప్పింది. అంటె గ్యాస్ గోలీ అంత చిన్న సంగతి సుత మాకు చిన్నది కాదు. ఇంకోటి, విరేచనాలు పట్టుకుంటె టాక్రోలిమస్ తగ్గుతదని అందరం అనుకుంటం. నిజానికి ఎక్కువసార్లు లెవెల్ పెరుగుతది. ఇది తెలువక విరేచనాలప్పుడు "మందు బయటికి పోతున్నది" అని ఇంకో గోలీ ఎక్కువ వేసుకున్నోళ్లు ఉన్నరు. అట్ల అస్సలు చెయ్యొద్దు, ఫోన్ చేసి అడగాలె.

ఇగ ఊర్ల ఉన్నోనికి దీంట్ల కష్టమేందో చెప్త. ఆపరేషన్ అయిన మొదటి నెలల్ల ట్యాక్ లెవెల్ మాటిమాటికి చూపిచ్చుకోవాలె. మా మండల కేంద్రంల రక్తం తీస్కుంటరు గాని పరీక్ష హైదరాబాద్‌లనే అయితది. పొద్దుగాల ఆరింటికి గోలీ ఆపుకొని బస్సెక్కి పోవాలె, రక్తం ఇచ్చినంకనే గోలీ వేసుకోవాలె, రిపోర్టు రెండో దినం ఫోన్ల వస్తది. ఆరోగ్యశ్రీ కింద గోలీలు వస్తయి కాబట్టి నాకు నెల ఖర్చు తగ్గింది, గాని ఈ తిరుగుడు ఖర్చు, పోయే కూలి ఏ కార్డు కింద రాదు. పట్నంల ఉండే పేషెంటుకు ఇది అరపూట పని. నాకు ఒక్కో పరీక్షకు ఒక దినం పోతది. ఆపరేషన్ చేపిచ్చుకోవాల్నా వద్దా అన్న ప్రశ్నల ఇది సుత ఒక ముక్క, ఫోన్ల చూసే వీడియోలల్ల ఈ ముక్క ఉండదు.

నీళ్ల ముచ్చట

కిడ్నీ మార్పిడి అయినోళ్లకు డాక్టర్ మొదలు చెప్పే మాట నీళ్లు తాగు అని. నాకు రోజుకు మూడు లీటర్లు చెప్పిండ్రు. ఎండకాలం మోటర్ పనికి పోతె ఇంక ఎక్కువ. స్లీవ్ అయినంక మొదటి దినాలల్ల ఒక్కపారి గ్లాసెడు నీళ్లు తాగరాదు. గుటక గుటక, దినమంత తాగుకుంట ఉండాలె. వాంతులైతె అది సుత నిలవది. పెయ్యిల నీళ్లు తగ్గితె ముందు దెబ్బ తినేది కిడ్నీనే, అదీ ఒక్కటే కిడ్నీ. క్రియాటినిన్ రెండు మూడు దినాలల్లనే ఎక్కొచ్చు. అందుకే ఒక సర్జన్ నాతోని, "ఆపరేషన్ ఏప్రిల్, మే నెలల్ల పెట్టుకోవద్దు, నువ్వు చేసే పనికి అది కుదరదు" అన్నడు. ఆ మనిషి మీద నాకు నమ్మకం కుదిరింది ఆ ఒక్క మాటకే.

బైపాస్‌ల ఇంకో గండం ఉన్నది. పాలకూర, పల్లీల అసొంటి వాటిల్ల ఆక్సలేట్ అనేది ఉంటది. మామూలుగ పేగుల్ల క్యాల్షియం దాన్ని పట్టుకొని బయటికి పంపిస్తది. బైపాస్ అయినోళ్లకు కొవ్వు సరిగ అరగక పేగుల్లనే మిగుల్తది, ఆ కొవ్వు క్యాల్షియాన్ని గుంజుకుంటది. ఇగ ఆక్సలేట్‌కు అడ్డు లేక రక్తంలకు, ఆడికెళ్లి కిడ్నీకి పోతది. రాళ్లయితయి. ఎక్కువైతె కిడ్నీ లోపటనే పేరుకొని దాన్ని కరాబ్ చేస్తది. రెండు సొంత కిడ్నీలున్నోళ్లకే ఇది భయమైతె, అరువు కిడ్నీ ఉన్నోళ్ల సంగతి ఏం చెప్పాలె! డాక్టర్లు స్లీవ్ దిక్కు మొగ్గేతందుకు ఇది ఇంకో కారణం.

స్లీవ్‌కు దాని బాధలు దానికున్నయి. గుండెల మంట, పులిత్రేపులు శానా మందికి ఎక్కువైతయి. అందుకే ముందుగల ఎండోస్కోపీ చేసి చూస్తరు. కుట్టిన కాడ లీకైతె పెద్ద ఆపద. అది అరుదుగనే అయితది, నూటికి ఒకరు అటుఇటు అంటరు. గాని మేం స్టెరాయిడ్ మింగేటోళ్లం, మా గాయం మెల్లగ మానుతది. రోగనిరోధక శక్తిని కావాలెనని అణగబట్టుకొని ఉంటం కాబట్టి చీము పట్టినా జరం గట్టిగ రాదు, నొప్పి సుత మామూలోళ్లకు వచ్చినట్టు రాదు. అంటె ప్రమాదం వచ్చినా చప్పుడు చెయ్యకుంట వస్తది. సిరోలిమస్, ఎవరోలిమస్ అనే గోలీల మీద ఉన్నోళ్లకైతె గాయం మానుడు ఇంక కష్టం. ఆపరేషన్‌కు ముందు కొన్ని వారాలు వాటిని మార్చి వేరే మందు ఇస్తరు.

నొప్పికి మెడికల్ షాపుల దొరికే డైక్లోఫినాక్, ఐబుప్రోఫెన్ అసొంటియి మాకు ఎట్లైన బంద్, కిడ్నీకి చెడ్డయి. కడుపు ఆపరేషన్ అయినంక పుండ్ల భయం సుత కలుస్తది. ఊర్ల ఆర్ఎంపీ కాడ సూది ఏపిచ్చుకునేటోళ్లు ఇది గట్టిగ చెప్పుకోవాలె.

మరి ఎందుకు చేపిచ్చుకోవాలె?

ఇంత చెప్పినంక "ఇగ వద్దే వద్దు" అనిపిస్తది. నాకు సుత మొదటి నెల అట్లనే అనిపించింది. గాని ఇటు దిక్కు సుత చూడాలె. మామూలోళ్లల్ల స్లీవ్ అయినంక మొదటి ఏడాది రెండేండ్లల్ల పెయ్యి బరువుల దాదాపు నాలుగోవంతు తగ్గుతది. నాకైతె 96 కాడికెళ్లి 72 దాకా. షుగర్ శానా మందికి తగ్గుతది, గోలీలు తగ్గుతయి, బీపీ తగ్గుతది, గురక తగ్గుతది. మార్పిడి అయినోళ్లల్ల చేసిన ఆపరేషన్ల లెక్కలు చూసినా బరువు, షుగర్ తగ్గినట్టే ఉన్నయి, ఎక్కువ మందిల కిడ్నీ నిలకడగనే ఉన్నది. గాని అయి చిన్న చిన్న లెక్కలు. ఒక దవాఖానల పది మంది, ఇంకో దవాఖానల ఇరవై మంది. మామూలు మనుషుల మీద ఉన్నంత పెద్ద రుజువు మా మీద లేదు. ఈ మాట నాతోని ఇద్దరు సర్జన్లల్ల ఒక్కడే చెప్పిండు.

ఇంకా మార్పిడి కాని వాళ్లకు ఇంకో దారి ఉన్నది. బరువెక్కువున్నదని కిడ్నీ మార్పిడికే ఒప్పుకోని దవాఖానలు ఉన్నయి. అసొంటోళ్లు కొందరు ముందే స్లీవ్ చేపిచ్చుకొని, బరువు తగ్గినంక మార్పిడికి పోతున్నరు. లివర్ మార్పిడిల రెండూ ఒకేపారి చేసినోళ్లు సుత ఉన్నరు. అమెరికాల మేయో క్లినిక్ డాక్టర్లు 2013ల దాని మీద రిపోర్టు ఇచ్చిండ్రు. డయాలసిస్ మీద ఉన్న తమ్ముళ్లు, చెల్లెండ్లు ఈ ముచ్చట ముందే అడిగి పెట్టుకోవాలె. మార్పిడి అయిపోయినోళ్లకైతె కనీసం ఏడాది ఆగి, కిడ్నీ కుదుటపడ్డదని చూసినంకనే అంటరు ఎక్కువ మంది డాక్టర్లు.

పెండ్లైన ఆడపిల్లలకు ఒక మాట. ఈ ఆపరేషన్ అయినంక ఏడాది, ఏడాదిన్నర దాకా గర్భం వద్దంటరు. మైకోఫినోలేట్ వాడేటప్పుడు గర్భం వస్తె పిండానికే ప్రమాదం. అది మార్చకుంట పిల్లల గురించి ఆలోచించరాదు. రెండు లెక్కలు కలిపి చూసుకోవాలె.

సూదులు, పొడులు, కషాయాలు

బరువు తగ్గే సూదులు మన దేశంలకు 2025ల గట్టిగ వచ్చినయి. మార్చిల మౌంజారో, జూన్‌ల వెగోవీ. వారానికి ఒక సూది. షుగర్ తగ్గిస్తయి, ఆకలి తగ్గిస్తయి. మార్పిడి అయినోళ్లకు సుత కిడ్నీ డాక్టర్లు చూసుకుంట ఇస్తున్నరు. కోత లేదు, అది పెద్ద లాభం. గాని వాంతులు, నీళ్లు తగ్గుడు ఈడ సుత ఉంటది. కడుపు మెల్లగ ఖాళీ అయితది కాబట్టి ట్యాక్ లెవెల్ మీద కన్ను పెట్టాలె. బంద్ చేస్తె బరువు తిరిగొచ్చుడు ఎక్కువ మందిల కనపడ్డది. నెలనెల పైసలు సుత చిన్నయి కావు. నాకు డాక్టర్ ముందుగల దీన్నే ఆర్నెల్లు చూద్దామా అని సుత అడిగిండు. ఆ మాట ఇంక నడుస్తనే ఉన్నది.

పొడులు, కషాయాల ముచ్చటకు వస్తె నాకు కోపమొస్తది. మా ఊర్ల ఒకాయన షేక్ డబ్బాలు అమ్ముతడు, నాకు సుత తెచ్చిచ్చిండు. డబ్బా మీద "ఇమ్యూనిటీ పెంచుతది" అని రాసున్నది. అన్నా, మేం దినాం గోలీలు మింగేదే ఇమ్యూనిటీని తగ్గించుకునేతందుకు! దాన్ని పెంచుడంటె రిజెక్షన్‌ను పిల్చుకున్నట్టే. తిప్పతీగ కషాయం కరోనా కాలంల తెగ తాగిండ్రు, దాంతోని లివర్ దెబ్బతిన్న కేసులను ముంబై డాక్టర్లు రాసి పెట్టిండ్రు. పంపర పనస పండు తింటె టాక్రోలిమస్ లెవెల్ ఎక్కుతది. చెట్టుదైతె ఏం కాదన్న మాట మా పెయ్యికి నడువది.

నేను అడిగిన ప్రశ్నలు

నేను రెండోపారి పోయినప్పుడు నోటుబుక్కుల రాసుకొని పోయిన. సర్జన్‌ను అడిగింది, మార్పిడి అయినోళ్లకు ఇదివరకు చేసిండ్రా అని. ఒకాయన చేసిన అన్నడు, ఎంతమందికో చెప్పిండు. ఇంకొకాయన మాట మార్చిండు. ఆపరేషన్ దినం నేను నోటితోని గోలీ మింగలేకుంటె టాక్రోలిమస్ ఎట్లిస్తరు, ఎవరు చూస్తరు అని అడిగిన. ట్యాక్ లెవెల్ ఎన్ని దినాలకు ఒకపారి, ఎన్ని నెలలు అని అడిగిన. రాత్రి పన్నెండింటికి వాంతులైతె ఎవరికి ఫోన్ చెయ్యాలె, నా దగ్గరున్న జిల్లా దవాఖాన వాళ్లు ఏం చెయ్యాలెనో కాయితం మీద రాసిస్తరా అని అడిగిన. ఈ ఆఖరి ప్రశ్నకు ఇద్దరు సుత నవ్విండ్రు, గాని ఒకాయన రాసిస్త అన్నడు.

బతికినన్ని దినాలు బీ12, ఐరన్, డి విటమిన్, క్యాల్షియం వేసుకోవాలె. ఏడాదికి రెండుపార్లన్న రక్తం చూపిచ్చుకోవాలె. వాంతులు ఆగకుంటె బీ1 తగ్గి నరాలు, మెదడు దెబ్బతింటయట, దాని సూది ఏపిచ్చుకోవాలె. ముందు ప్రొటీన్ తినాలె, గుడ్డు, పప్పు, పెరుగు, చేప. అన్నం ఆఖర్న రెండు ముద్దలు. దసరాకు మా ఇంట్ల ఇది ఎట్ల నడుస్తదో నాకు సమజైతలేదు.

ఇంట్ల అందరికంటె ఎక్కువ అడిగింది మా అమ్మనే. "నీ పొట్ట కోస్తె నా కిడ్నీకి ఏమన్నయితదా?" అని. కిడ్నీ పొట్ట కింది దిక్కు, తొడ పైన పెడ్తరు. జీర్ణాశయం పైన ఉంటది. సర్జన్ ఆ కాడికి పోడు. ఇది బొమ్మ గీసి చూపెట్టిన. అమ్మ బొమ్మ చూసింది, "మరి గోలీలు అరుగుతయా?" అన్నది. నాలుగు నెలలు తిరిగి నేను పట్టుకున్న ప్రశ్నను ఆమె నాలుగు నిమిషాలల్ల పట్టుకున్నది.

ఇప్పటికి నా కిడ్నీ డాక్టర్, రాసిస్త అన్న సర్జన్ ఇద్దరు ఫోన్ల మాట్లాడుకున్నరు. బైపాస్ వద్దు, చేస్తె స్లీవే అని తేల్చిండ్రు. వచ్చే మూడు నెలలు డైటీషియన్ చెప్పినట్టు తిని, గురక పరీక్ష, ఎండోస్కోపీ చేపిచ్చుకోవాలె. మూడు నెలలల్ల మూడుపార్లు ట్యాక్ లెవెల్ 5 నించి 8 నడుమ నిలవాలె. మొదటిది పోయిన మంగళవారం ఇచ్చిన, 6.4 వచ్చింది. ఇంక రెండున్నయి.